జబ్బు సంగతి పనిచేసే చోట చెప్పాలా, వద్దా?

ఆ మధ్య ఒక మధ్యాహ్నం ఓపీ చీటీలు అయిపోవస్తుండగా నలుగురు మనుషులు ఒక యువకుణ్ణి మోసుకుని మా ఆసుపత్రికి తెచ్చారు. మండపేట వైపు ఒక రైస్ మిల్లులో గుమస్తా. వయసు ముప్ఫై ఒకటి. ముందుపన్ను విరిగింది, పెదవి చీలింది, కుడి భుజం జారింది. చొక్కా నీళ్ళతో తడిసి ముద్దయి ఉంది. ఎడమచేతిలో ఇంకా ఒక తాళాలగుత్తి ఉంది.

"ఉన్నట్టుండి పడిపోయి కొట్టేసుకున్నాడండి బాబూ. గాలో ధూళో తెలీలేదండి. నోట్లో గరిటె కాడ పెట్టామండి. చేతిలో ఇనుం పెట్టామండి. నలుగురం నాలుగు వైపులా గట్టిగా నొక్కి పట్టుకున్నామండి," అన్నాడు వెంట వచ్చిన మేస్త్రి. పాపం, తనకు తెలిసినదంతా చేశాడు. ఆయాసంతో అతనికీ మాట రావడం లేదు.

వచ్చింది మూర్ఛ, మీరందరూ ఫిట్సు అంటారే, అది. రెండు నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోయేది. మూర్ఛ బలంగా వస్తే భుజం జారడం కూడా కద్దు గాని, ఇక్కడ నలుగురి బలమూ తోడయింది. పన్ను మాత్రం నిస్సందేహంగా గరిటె విరగ్గొట్టినదే. కొట్టిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకపోవడం అతని అదృష్టం.

అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేసిన తరువాత అతను నోరు విప్పాడు. కాలేజీ రోజుల నుంచీ ఫిట్సు ఉన్నాయట. మిల్లులో చేరి ఎనిమిదేళ్ళు. ఒక్కరికీ చెప్పలేదు. బిళ్ళలు అమృతాంజనం డబ్బాలో పెట్టుకుని, తలనొప్పి అని చెప్పి పక్కకు వెళ్ళి వేసుకునేవాడు. ఆ వారం ధాన్యం బండ్లు ఎడతెరిపి లేకుండా వస్తున్నాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. బిళ్ళలు అయిపోయాయి, కొనుక్కోవడానికి తీరిక లేదు. మూర్ఛ రోగికి నిద్ర చెడడం, బిళ్ళ తప్పడం కంటే చేటు మరొకటి లేదు. రెండూ ఒకేసారి జరిగాయి.

"డాక్టరు గారండీ, ఎండదెబ్బ అని రాసెయ్యండి. మీకు పుణ్యం ఉంటుందండి," అన్నాడు.

"అబద్ధం రాయలేను బాబూ. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. కాని ఆ కాగితం నీ చేతికే ఇస్తాను. ఎవరికి చూపాలో, ఎంతవరకు చెప్పాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం," అన్నాను.

ఆ రోజు మేమిద్దరం ఆలోచించిన సంగతులే ఈ వారం మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీలో ఎందరో ఏదో ఒక దీర్ఘవ్యాధిని జేబులో పెట్టుకునే ఉద్యోగానికి వెళుతున్నారు. షుగరు, మూర్ఛ, ఉబ్బసం, క్షయ, కీళ్ళవాతం, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, మానసిక వ్యాధి. ఎవరి జేబులో ఏమున్నదీ పక్క కుర్చీవాడికి తెలియదు.

దాచుకున్నవారిని నేను తప్పుపట్టను. గోదావరి కాలువలకు నీళ్ళు వదిలితే శివారు చేలకు అందడానికి రోజులు పడుతుంది. "ఫలానా వాడికి ఫిట్సుట" అన్న మాట మాత్రం సాయంత్రానికే శివారు చేరుతుంది. చెల్లెలి పెళ్ళి కావాలి. ఇంటద్దె మాట్లాడుకోవాలి. యజమాని కొడుకు వేరే మనిషిని చూసుకుంటాడేమోనని భయం. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవారికి ఉన్న అడ్డును పార్లమెంటు 1999లోనే తొలగించింది. ఆ సంగతి పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. 1970లలో మా ఊరి ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు గారికి ఎడమకాలు బోదకాలు. డెల్టా ఊళ్ళలో ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. మాస్టారు తరగతిలోకి రాగానే ముందు బెంచీ పిల్లవాడు ముక్కాలిపీట ఒకటి జరిపేవాడు. ఆయన కాలు దానిమీద పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. రెండు మూడు నెలలకొకసారి గజ్జల్లో బిళ్ళకట్టి, చలిజ్వరం వచ్చి, మూడు నాలుగు రోజులు బడికి వచ్చేవారు కారు. ఆ నాలుగు రోజులూ బడి ఎలా నడపాలో అసిస్టెంటు మాస్టారికి తెలుసు. ఎవరూ సమావేశం పెట్టి చెప్పలేదు. కాలు పంచె కింద దాగేది కాదు కాబట్టి చెప్పవలసిన పని లేకపోయింది.

ఆ జబ్బు క్యూలెక్సు దోమ వల్ల వస్తుందనీ, దాని క్రిమి పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వచ్చి తిరుగుతాయనీ (అందుకే ఫైలేరియా వర్కర్లు రాత్రిళ్ళు ఇంటికి వచ్చి వేలు పొడిచేవారు) మా పిల్లలకు తెలియదు. ఆ క్రిమికి ఈనాటికీ వాడుతున్న మందు 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైందనీ తెలియదు. మాకు తెలిసిందల్లా పీట సంగతి. మాస్టారికి అక్కరకు వచ్చిందీ అదే.

నేను ముప్ఫై ఏళ్ళు వైద్యం చేసి నేర్చుకున్నది కూడా ఇంచుమించు ఇదే. జబ్బు సంగతి చెప్పడమంటే జబ్బు పేరు చెప్పడం కాదు. మీకు కావలసిన పీట ఏదో చెప్పడం. అవతలివారు చేయవలసిన పని ఉంటే ఆ పని చెప్పండి. చేయవలసిన పని ఏమీ లేకపోతే చెప్పనక్కర లేదు. పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొన్నిచోట్ల మాత్రం మీ ఇష్టం కాదు. వాటి సంగతి తరువాత చెబుతాను.

నేను ఇంత తేలికగా చెబుతున్నానే గాని, స్వయంగా పాటించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నాకు షుగరు వచ్చి పదహారేళ్ళయింది. ఇన్సులిన్ మొదలుపెట్టి ఏడేళ్ళు. రోజూ పదిమందికి "షుగరు దాచుకోవలసిన జబ్బు కాదమ్మా" అని చెబుతూనే, నా ఇన్సులిన్ పెన్నును గడ్డం గీసుకునే సామాను సంచిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. తనకే నయం చేసుకోలేనివాడు మనకేం చేస్తాడు అంటారేమోనని నా భయం. డాక్టర్లకు ఉండే సిగ్గు రోగులకు ఉండదు.

ఒకనాడు ఓపీలో జనం విరగబడ్డారు. ఒంటిగంటన్నర అయినా భోజనం లేదు. పొద్దున్న ఇన్సులిన్ మామూలుగానే వేసుకున్నాను. చెమటలు పట్టాయి. ఉక్కపోత అనుకున్నాను. లంక గ్రామం నుంచి వచ్చిన ఒక ముసలమ్మను అకారణంగా కసిరాను. ఒకే మందు చీటీలో మూడుసార్లు రాశానట. మాట తడబడింది. బయట నిలబడ్డవాళ్ళు గుసగుసలాడుకున్నారని తరువాత తెలిసింది. "డాక్టరు గారు పగలే పుచ్చుకున్నట్టున్నారు" అని. మా ఫార్మసిస్టుకు కూడా షుగరు ఉంది. అతను ఒక్కచూపులో కనిపెట్టి, గ్లాసుడు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి నాచేత తాగించాడు. పావుగంటలో మామూలు మనిషినయ్యాను. ఆ ముసలమ్మకు క్షమాపణ చెప్పుకుందామని చూస్తే అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు స్టాఫ్‌నర్సునూ, ఇద్దరు అటెండర్లనూ పిలిచి చెప్పాను. "నేను చెమటలు కక్కుతూ, అర్థంలేని కోపంతో, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే పంచదార నీళ్ళు ఇవ్వండి. వద్దని కసిరినా ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి." అర నిమిషం పట్టింది. ఏడేళ్ళ భయం అర నిమిషంలో పోయింది. దీనికీ ఒక వెల ఉందనుకోండి. అప్పటినుంచి ఆసుపత్రిలో ఎవరింట్లో శుభకార్యమైనా ఆత్రేయపురం పూతరేకుల పళ్ళెం నా దాకా రాకుండానే మలుపు తిరుగుతుంది. "డాక్టరు గారికి వద్దులెండి" అని నా తరఫున వేరేవాళ్ళే చెప్పేస్తారు.

కాబట్టి ఇన్సులిన్ వేసుకునేవారూ, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు వాడేవారూ పనిచేసే చోట కనీసం ఒక మనిషికి చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం. షుగరు 70కి దిగువకు పడిపోయిన మనిషి తాగుబోతులా కనిపిస్తాడు. తన మాట తనకే తెలియదు. ఆ సమయంలో తాను చెప్పుకోలేడు గనుక ముందే చెప్పి ఉంచాలి. జేబులో గ్లూకోజు పొట్లమో, పంచదార పొట్లమో ఉండాలి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ అంతే. తగ్గిన తరువాత నాలుగు బిస్కట్లో, ఇడ్లీలో తినాలి. ఇవన్నీ తెలియవలసింది మీ మేనేజరుకు కాదు, మీ పక్క కుర్చీలో కూర్చునే మనిషికి. ఈ తేడా గుర్తుంచుకోండి. మేనేజరుకు చెప్పవలసింది వేరే ఉంది. "ఒంటిగంటకు నేను భోజనం చేసి తీరాలండి. ఆ అరగంట కౌంటరు ఇంకొకరికి అప్పగించండి." అంతే. ఏ మేనేజరూ దీనికి కాదనడు. ఒకవేళ అన్నా, అప్పుడు కాగితం రాసి ఇవ్వడానికి డాక్టర్లం మేమున్నాం.

మూర్ఛ విషయం ఇంతకంటే ముఖ్యం. సరైన మందు సక్రమంగా వాడితే నూటికి డెబ్బై మంది వరకు ఫిట్సు లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక అది ఉద్యోగం చేయకూడని జబ్బు కాదు, కొన్ని పనులు చేయకూడని జబ్బు. కొబ్బరిచెట్టెక్కి దింపు తీయడం, మిల్లులో తిరిగే బెల్టుల పక్కన నిలబడడం, హోటల్లో పెద్ద పొయ్యి ముందు ఒంటరిగా పని, నూతి పనులు, పడవ మీద పనులు, రాత్రి షిఫ్టులు, ఇవి వద్దు. ఫిట్సు రాకపోయినా వద్దా అంటే, చాలాకాలం పూర్తిగా అదుపులో ఉన్నవారికి మీ డాక్టరు కొంత సడలింపు ఇవ్వవచ్చు. చెరువులో, కాలువలో ఒంటరిగా స్నానం మాత్రం ఎవరికీ సడలింపు లేదు.

ఇక పక్కనున్నవారు చేయవలసినది. దీన్ని కత్తిరించి మీ ఆఫీసు గోడకు అంటించుకున్నా నాకు సంతోషమే. మనిషి పడి కొట్టుకుంటుంటే పట్టుకుని నొక్కవద్దు. చుట్టూ ఉన్న కుర్చీలు, గాజుసామాను, ఇనుపసామాను జరపండి. తల కింద కండువా మడిచి పెట్టండి. మెడ దగ్గర బొత్తాం విప్పండి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోటి నురుగు బయటికి పోతుంది. నోట్లో చెంచా గాని, వేలు గాని, నీళ్ళు గాని పెట్టవద్దు. తాళాలు, ఉల్లిపాయ, చెప్పు వాసన, వీటివల్ల మూర్ఛ ఆగదు. అది ఆగే సమయానికి మీరు తాళాలు తెచ్చి ఉంటారు, అందుకని పేరు తాళాలకు వచ్చింది. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా, దెబ్బ తగిలినా 108కి ఫోను చేయండి. తెలివి వచ్చిన తరువాత కాసేపు అయోమయంగా ఉంటాడు. చుట్టూ మూగిన జనాన్ని పంపేసి ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు.

ఇదంతా ఎక్కడో ఒకచోట ముందే ఒక్క మనిషికి తెలిసి ఉంటే మా గుమస్తాకు పన్ను మిగిలేది.

చెప్పడం వల్ల అన్నీ మంచే జరుగుతాయని నేను చెప్పను. నా సలహా విని ఒకాయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి దాచిపెడితే ఈ వ్యాసానికి విలువ లేదు. ఆయన ఒక హోటల్లో దోసెల మాస్టరు. కళ్ళె పరీక్షలో క్షయ బయటపడింది. మందులు మొదలుపెట్టి, మీ యజమానికి చెప్పి కొద్దివారాలు సెలవు తీసుకోండి, తరువాత మామూలుగా పని చేసుకోవచ్చు అన్నాను. వైద్యపరంగా ఆ మాట సరైనదే. మందులకు లొంగే క్షయ అయితే, మందులు సక్రమంగా పడిన రెండు వారాలకు సాధారణంగా ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. కాని హోటలు యజమాని అక్కడికక్కడే లెక్క కట్టి పంపించేశాడు. ఆరు నెలల మందులు పూర్తిచేసి, నయమైందన్న కాగితం పట్టుకువెళ్ళినా తిరిగి తీసుకోలేదు. "మీరు చెప్పమన్నారు కదండీ" అని ఆయన నన్ను నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. క్షయ విషయంలో పక్కవారికి పరీక్షలు చేయించవలసిన అవసరం నిజంగా ఉంటుంది. దగ్గు ఉన్న సహోద్యోగిని గుర్తించకపోతే ప్రమాదం. కాని ఆ పని రోగి నెత్తిన పెట్టకుండా మా ఆరోగ్య సిబ్బందే చేయవచ్చు. సెలవు అడిగేటప్పుడు "ఊపిరితిత్తులకు చికిత్స జరుగుతోంది, ఫలానా తేదీ నుంచి పనికి రావచ్చు" అన్నమాట చాలు, అందులో అబద్ధం లేదు. చిన్నపాటి హోటళ్ళలో, కొట్లలో పనిచేసేవారికి చట్టం అండ పల్చన. నోరు విప్పేముందు ఎవరిమీద ఆధారపడి ఉన్నామో చూసుకోవాలి.

హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. పనిచేసే చోట చెప్పవలసిన అవసరమే లేదు. ఒకే గ్లాసుతో నీళ్ళు తాగితే, ఒకే కలం పట్టుకుంటే, పక్కపక్కన కూర్చుంటే అది అంటదు. పక్కవారు చేయవలసిన పని ఏదీ లేదు. 2017లో పార్లమెంటు చేసిన చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్నది, ఆ సంగతి చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదంటున్నది. ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్ష షరతుగా పెట్టకూడదు. ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసివేయకూడదు. కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది సందర్భాలు తప్ప, చెప్పడమా మానడమా అన్నది పూర్తిగా ఆ మనిషి హక్కు. మందులు క్రమంగా వేసుకుంటూ, నెలనెలా ఆసుపత్రికి వెళ్ళే రోజుకు సెలవు పెట్టుకుంటే సరిపోతుంది. ఎందుకు సెలవు అని అడిగితే "వైద్యం కోసం" అన్నది పూర్తి సమాధానం.

చెప్పడం మీ ఇష్టం కాని చోటు ఒకటుందన్నాను. మీ జబ్బు ఇతరుల ప్రాణం మీదికి వచ్చే పని. ఒక స్కూలు వ్యాను డ్రైవరు ఫిట్సు మందులు వాడుతూ రహస్యంగా బండి నడిపేవాడు. లైసెన్సుకు పెట్టే కాగితాల్లో మూర్ఛ ఉన్నదా, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుందా అని సూటిగా అడుగుతారు. ఇతను లేదని రాశాడు. నేను అతన్ని వదల్లేదు. భార్యను పిలిపించి, నెలరోజులు వెంటపడి, స్టీరింగు వదిలించాను. జీతం తగ్గింది. ఇప్పటికీ సంతలో కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు. తిప్పుకోనివ్వండి. ఆ వ్యానులో పద్దెనిమిది మంది పిల్లలు.

ప్రభుత్వ ఉద్యోగులకు, ఆర్టీసీ వంటి సంస్థలవారికి కొంత నిబ్బరంగా ఉండవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే మనిషిని తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పని చూపాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన ఒక తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు విషయంలో, వేరే పని చూపకుండా పంపివేయడం తప్పని చెప్పి తిరిగి ఉద్యోగం ఇమ్మన్నది. ఆ చట్టం చూపిన 21 వైకల్యాలలో పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మానసిక వ్యాధి ఉన్నాయి. షుగరు, మూర్ఛ విడిగా పేరు పెట్టి లేవు. కాబట్టి చట్టం ఉంది గదా అని తొందరపడకుండా మీ జబ్బు దానిలోకి వస్తుందో రాదో కనుక్కోండి.

ఈ.ఎస్.ఐ. కార్డున్న మిల్లు, ఫ్యాక్టరీ, షాపు ఉద్యోగులు చాలామందికి తెలియని సంగతి ఒకటి. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు కూలిలో 70 శాతం వస్తుంది. క్షయ, కుష్ఠు, క్యాన్సరు, మూత్రపిండాలు దెబ్బతినడం, పక్షవాతం వంటి 34 దీర్ఘవ్యాధులకు, తగినంత సర్వీసు ఉంటే, రెండేళ్ళ దాకా 80 శాతం ఇస్తారు. ఇది యజమాని జేబులోంచి పోయేది కాదు. దాచుకుని జ్వరం సెలవు పెట్టినవాడికి ఇదంతా పోతుంది. బీమా పాలసీ కాగితాల్లో జబ్బు దాచడం కూడా ఇలాంటి తెలివితక్కువే. తరువాత డబ్బు రావలసినప్పుడు పేచీ మీ కుటుంబానికి వస్తుంది.

కంటికి కనిపించని జబ్బులతో ఇంకో చిక్కు ఉంది. ప్రమాదమేమీ ఉండదు గాని బద్ధకస్తులన్న పేరు వస్తుంది. రాజమండ్రిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయికి కీళ్ళవాతం. ఆ జబ్బులో పొద్దున్న లేవగానే గంటో, రెండు గంటలో వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. సాయంత్రానికి సాగుతాయి. చూడడానికి చేతులు శుభ్రంగానే ఉంటాయి. పొద్దున్న చీరల మడతలు విప్పడానికి జాగు చేస్తున్నదని తిట్లు తినేది. సినిమా నటి సమంత 2022 అక్టోబరులో తనకు మయోసైటిస్ అనే కండరాల జబ్బు ఉన్నదని లోకానికంతటికీ చెప్పింది. చేతికి సెలైను పెట్టుకుని డబ్బింగు చెబుతున్న ఫొటో మీరూ చూసి ఉంటారు. ఆ ధైర్యం మెచ్చుకోవలసిందే. కాని పదివేల జీతం మీద, పది గంటలు నిలబడే అమ్మాయి లోకానికి చెప్పుకుంటే ఏమొస్తుంది? ఆమె ఒక్క మనిషికే చెప్పింది, అదీ దుకాణం యజమాని భార్యకు. "అమ్మగారండీ, పొద్దున్న పన్నెండింటిదాకా నాకు బిల్లుల దగ్గర పని ఇప్పించండి. సాయంత్రం ఎన్ని మడతలైనా విప్పుతాను. కూర్చోవడానికి ఒక స్టూలు ఇప్పించండి." ఆమె ఇప్పించింది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. చూశారా, మళ్ళీ పీట దగ్గరికే వచ్చాం.

చెప్పదలచుకుంటే పని ఒత్తిడిలో, కోపతాపాల మధ్య చెప్పవద్దు. తిట్లు తింటున్నప్పుడు చెబితే అది సాకులా వినిపిస్తుంది. నిదానంగా ఉన్న రోజున, కూర్చుని, మూడు ముక్కల్లో చెప్పండి. ఏమవుతుంది, అప్పుడు మీరేం చేయాలి, మిగతా రోజుల్లో నేను మీలాగే పని చేస్తాను. కన్నీళ్ళు వద్దు, వైద్యశాస్త్రం అంతకంటే వద్దు. "ఇది మీ దగ్గరే ఉంచండి" అని ఒకమాట అనండి. డాక్టరు దగ్గర కాగితం తీసుకుంటే, మీ అనుమతి లేకుండా మీ జబ్బు సంగతి మీ ఆఫీసుకు చెప్పే అధికారం డాక్టరుకు సాధారణంగా లేదని తెలుసుకోండి.

వినేవారికి కూడా ఒక మనవి. ఎవరైనా మీకు ఇలాంటి సంగతి చెబితే, వెంటనే మా పిన్నిగారికీ ఇదే వచ్చిందని మొదలుపెట్టకండి. కాకరకాయ రసం, ఫలానా ఊరి పసరు మందు చెప్పకండి. అది విని బిళ్ళలు మానేసిన మూర్ఛ రోగులు ఎందరో మా క్యాజువాలిటీకి వస్తారు. "అయితే నేనేం చేయమంటారు?" అని అడగండి, చాలు.

గుమస్తా సంగతి చెప్పి ముగిస్తాను. అతను పది రోజుల తరువాత భుజానికి కట్టుతో వచ్చాడు. యజమానికి తానే చెప్పాడట. యజమాని అరగంట మాట్లాడలేదట. మర్నాడు బెల్టుల షెడ్డు నుంచి తప్పించి కాటా దగ్గర బల్లకు మార్చాడు. రాత్రి పని తీసేశాడు, దానితోపాటు రాత్రి బత్తా కూడా పోయింది. నెలకు ఆ లోటు అతనికి బరువే. మిల్లులో ఇద్దరు అతనితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారట, అంటుతుందని. అంటదని చెప్పడానికి ఒకరోజు నేనే వస్తానన్నాను.

అతనితో మేస్త్రి కూడా వచ్చాడు. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. మేస్త్రి శ్రద్ధగా విని, కాస్త తటపటాయించి అడిగాడు.

"ఆయ్, అన్నీ బాగానే ఉన్నాయండి. అయిదు నిమిషాలు లెక్కెట్టమన్నారు గదండి. మా మిల్లులో గడియారం పది నిమిషాలు ముందుంటుందండి. పరవాలేదాండి?"